పిల్లలున్న చేపకు ఎర

మా అక్క మనవడు మదనపల్లెలో నా దగ్గరే ఉండి అంగళ్లు అనే ఊర్లోని ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నాడు. మొన్న ఆదివారం ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చి నా ముందు తెరిచాడు. లోపలంతా గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో దొంగ జీవం. రబ్బరు కప్పలు, వెండి రంగు చేపపిల్లలు, తోక ఆడించే వానపాములు, తళతళలాడే రేకు బిళ్ళలు. అన్నీ ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడట. స్నేహితులతో కలిసి గాలం వేయడానికి డ్యాముకు పోతారట.

"అవ్వా, నువ్వు సిన్నప్పుడు గాలమేసే దాంట్లో పెద్ద మొనగత్తె అంట కదా. కొరమీనుకు వీటిల్లో ఏది పెట్టల్ల?" అని అడిగాడు.

ఒక ఆకుపచ్చ రబ్బరు కప్పను చేతిలోకి తీసుకున్నాను. కడుపు నొక్కితే లోపలికి పోయింది, వదిలితే మళ్ళీ ఉబ్బింది. కళ్ళు కూడా పెట్టారు మహానుభావులు. కొత్త చెప్పుల వాసన వేసింది. నాకు తెలిసిన కప్పలు బురద వాసన, పాచి వాసన వేసేవి. గుప్పిట్లో పట్టగానే భయంతో ఉచ్చ పోసేవి. గుండె కొట్టుకోవడం అరచేతికి తెలిసేది.

"దీనికి నొప్పి ఉండదు కదరా" అన్నాను.

"అదే కదవ్వా దీని గొప్ప" అన్నాడు వాడు, పెద్ద ఉపకారం చేసినవాడిలా. వాడికేం తెలుసు. మా ఇంట్లో ఎర అంటే నొప్పి పడేదే. నొప్పి పడితేనే అది తన్నుకుంటుంది, తన్నుకుంటేనే చేప వస్తుంది. నాకు ఆ చదువు చెప్పింది మా తాత.

మా ఊరు పుంగనూరు నుంచి గంగవరం పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడవాలి. ఊరు ఇప్పటికీ ఉంది, కుంట లేదు. కుంటను పూడ్చేసి టమాటా పెట్టెలు పేర్చే షెడ్డు వేశారు. నా చిన్నప్పుడు ఆ కుంట మా ఇంటికి రెండో వంటిల్లు. నాయన, పెద్దనాయన, అమ్మ, పెద్దమ్మ అందరూ కూలికి పోయేవారు. తాతకు నడుము పడిపోయి కూలికి పనికిరాకుండా పోయాడు. అప్పటినుంచి ఆయన పగలంతా కుంట కట్ట మీదే. మనిషి పొట్టి, నోరు పొడుగు. ఊర్లో ఎవరు గాలం వేయాలన్నా ముందు ఆయన దగ్గరికి వచ్చి, "ఈ పొద్దు ఏం పెట్టమంటావప్పా?" అని అడిగి పోయేవారు.

ఆయన నీళ్ళ వైపు చూసి చెప్పేవాడు. కుంటకు కొత్తనీళ్ళు వచ్చి ఎర్రగా ఉంటే వానపాము. తేటగా ఉంటే సంగటి ముద్ద, అదీ రాత్రి మిగిలి పులిసిన సంగటి. జెల్లలకు కోడిపేగులు. మొదటి వానకు పుట్టల్లోంచి లేచే ఉసుళ్ళయితే ఏ చేపయినా వస్తుంది. కానీ ఉసుళ్ళను చేపలకు వేయాలంటే మా అవ్వ ఊరుకునేది కాదు. అవ్వది కుప్పం పక్క. అక్కడివాళ్ళకు ఉసుళ్ళంటే ప్రాణం. రెక్కలు రాల్చి, వేయించి, బొరుగుల్లో కలిపి పిల్లలందరికీ తలా పిడికెడు పెట్టేది. ఆ వేపుడు వాసన వస్తే కుంట దగ్గర ఉన్నా పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళం.

కొరమీనుకు మాత్రం బతికున్న కప్పే. ఇంటిల్లిపాదికీ కప్పలు పట్టేది నేను. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద పదవి ఏముంటుంది? వరిగట్ల మీద చిన్న మట్టిరంగు కప్పలుంటాయి, అవి కావాలి. వాటిని కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి తాత ముందు పెట్టేదాన్ని. తాత కుండను వేలితో టక్కుమని కొట్టేవాడు. మొదట ఎగిరింది గాలానికి. కదలకుండా కూర్చున్నవి మళ్ళీ గట్టుకు.

"అట్లయితే మంచిదే సస్తాది కదా తాతా?" అని ఒకసారి అడిగాను.

"మంచిదాన్ని ఎవురు ఏరమన్యారు మే? ఉషారైందాన్ని ఏరమన్యా" అన్నాడు తాత. ఆ రెంటికీ తేడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

గాలాన్ని కప్ప వెన్ను మీద తోలుకు మాత్రమే గుచ్చాలి. లోతుగా పోతే చచ్చిపోతుంది. చావకూడదు, ఈదుతూ ఉండాలి. ఒకరోజు నేను తొందరలో చచ్చిన కప్ప తెచ్చాను. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు తాత ఆ కప్పను తెచ్చి నా తట్టలో, ముద్ద పక్కన పెట్టాడు. "నీకు పనికిరాంది సేపకు మాత్రం యాల పనికొస్తాది? తిను" అన్నాడు. అవ్వ చూసింది. సంగటి మీద ఊరుబిండి పచ్చడి కొంచెం ఎక్కువ వేసి పోయింది. నేను కప్పను పక్కకు జరిపి ముద్ద మింగాను. ఏడిస్తే ఇంకో కప్ప పెడతాడని తెలుసు.

భయం అన్నవాళ్ళకు ఆయన మందు వేరే ఉండేది. మా పెద్దనాయన కొడుకు నీళ్ళకు భయమన్నాడని, వాణ్ణి కట్ట మీదినుంచి ఎత్తి కుంటలో వేశాడు. వాడు రెండుసార్లు మునిగాక లాగాడు. ఆ తర్వాత మా ఇంట్లో దేనికైనా సరే, భయమన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ పిల్లవాడికి అక్కే మా అక్క. నాకంటే ఏడాది పెద్ద. నెమ్మది మనిషి. నేనెంత దుడుకో అదంత నిదానం. ఒకసారి అవ్వ వక్కాకు తిత్తిలో నేను కప్పను దాచిపెట్టాను. అవ్వ ఆకు కోసం చెయ్యి పెట్టి, కేకేసి వెల్లకిలా పడింది. నా నవ్వు ఆగలేదు, అందుకని గడ్డివామి వెనక్కి పరుగెత్తాను. దొరికింది అక్క. పెద్దమ్మ చింతబరికెతో దాని పిక్కలు వాచేట్టు కొట్టింది. అక్క నా పేరు చెప్పలేదు. నేనూ బయటికి రాలేదు. సాయంత్రం దాని పిక్కలకు ఆముదం రాస్తూ, "శానా నొప్పిగా ఉండాదా?" అని అడిగాను. నా అంత మంచి చెల్లెలు లోకంలో ఉండదని కూడా అనుకున్నాను.

చెనిక్కాయ విత్తనం వేసే రోజుల్లో బడి అయ్యవారు మా ఇంటికి వచ్చాడు. మదనపల్లె హాస్టల్లో ఈ ఇంటి పిల్ల ఒకరికి సీటు ఇప్పించగలను, ఒక్కరికే, అన్నాడు. పెద్దదని అక్కను పంపాలని పెద్దనాయన పట్టు పట్టాడు. చదువులో చురుకని నన్ను పంపాలని నాయన పట్టు పట్టాడు. అన్నదమ్ములు రెండు రోజులు మాట్లాడుకోలేదు. మాకు ఇద్దరికీ సంగతి బాగా తెలుసు. పోయిన పిల్లకు పుస్తకాలు, తెల్లన్నం, వారానికి ఒక గుడ్డు. ఉండిన పిల్లకు పేడ, ఆవులు, తమ్ముళ్ళు, తర్వాత పెళ్ళి. మా ఇంట్లో ఆ సంగతి దాచి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

మూడోరోజు తాత తీర్పు చెప్పాడు. "కుంటలో కొరమీను ఉండాది. ఆదివారం లోపల దాన్ని ఎవురు పట్టుకుంటే వాళ్ళు సదువుకు పోతారు. ఏం ఎర పెట్టల్లనో నేను సెప్పను. మీరే ఏరుకోవల్ల. ఎర ఏరేదాంట్లోనే మనిసి బుద్ధి తెలిసిపోతాది."

చదువుకునే పిల్లను చేపతో తేల్చడమేమిటని అయ్యవారు తల కొట్టుకున్నాడు. నాయనా పెద్దనాయనా మాత్రం సరేనన్నారు. ఎవరో ఒకరి పిల్ల ఇంట్లో ఉండిపోవాల్సిందే కదా, ఆ పాపం కుంట మీదికి పోతే వాళ్ళకూ మేలు.

ఆ నెలలో కొరమీను తిండికి రాదు. అది తాతకు తెలుసు, మాకు తెలియదు. నాలుగు రోజులు నేను ఉషారైన కప్పలన్నీ వేశాను. పొద్దున నుంచి ఆవులను తోలుకొచ్చేదాకా కట్ట మీదే కూర్చున్నాను. నీళ్ళు కదలలేదు. కప్పలు ఈది ఈది అలిసిపోయి కాళ్ళు చాపేసేవి, ఇంకొకటి గుచ్చేదాన్ని. ఎన్నిటిని చంపానో గుర్తు లేదు. అక్క అటువైపు గట్టున కూర్చుని వానపాములు, సంగటి, బొద్దింకలు మార్చి మార్చి పెట్టేది. దానికి వేలెడు పరకచేపలు పడ్డాయి. తాత వాటిని చూసి, "పిల్లికి ఎయ్యి మే" అన్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆవులు కుంట అంచున జమ్ముగడ్డిలోకి పోతే తోలడానికి ఇద్దరం కలిసి దిగాం. అక్క ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని ఆపింది. జమ్ము పక్కన, నీళ్ళ మీద ఎర్రగా చాపంత మేర ఏదో కదులుతోంది. కుంకుమ చల్లినట్టుంది. చూస్తుండగానే ఆ ఎరుపు లోపలికి పోయి, మళ్ళీ కొంచెం అవతల తేలింది.

"కొరమీను పిల్లలు మే. ఎన్ని ఉండాయో సూడు. తల్లి వీటి కిందనే ఉంటాది" అంది అక్క.

నాలుగు రోజులు నా కప్పలను చేప ఎందుకు ముట్టలేదో అర్థమైంది. పిల్లల్ని కాస్తున్న చేపకు ఆకలి ఉండదు. దానికి తిండి చూపిస్తే లాభం లేదు, పిల్లల్ని తినడానికి వచ్చినదాన్ని చూపించాలి. కప్పను ఎక్కడో నీళ్ళలో కాదు, ఆ ఎరుపు నడుమ వేయాలి. తాత అడిగింది ఇదే.

అక్కను ఆవులతో ఇంటికి పంపించి, కొడవలి మరిచిపోయానని చెప్పి నేను వెనక్కి వచ్చాను. గట్టున ఒక కప్పను పట్టాను. గుచ్చాను. జమ్ములో మోకాళ్ళ లోతు నిలబడి, పిల్లల గుంపు మళ్ళీ తేలేదాకా కాచుకున్నాను. తేలగానే సరిగ్గా నడుమ వేశాను. పిల్లలు చెదిరిపోయాయి. కప్ప రెండుసార్లు కాళ్ళు కొట్టింది. అంతే, కుంట పగిలినట్టు నీళ్ళు ఎగిరాయి. వెదురు వంగి నా చేతులు గుంజుకుపోయాయి. ఆ చేప తినడానికి రాలేదు, చంపడానికి వచ్చింది. కట్ట మీదికి లాగేసరికి నా చెయ్యంత పొడుగుంది. కప్పను ఉమ్మేసింది కానీ గాలం దవడలో దిగబడి ఉంది. నోరు తెరుస్తూ మూస్తూ నీళ్ళ వైపే పొర్లుతోంది. నాకు జాలి కలగలేదని నిజం చెప్పుకోవాలి. అంత సంతోషం మళ్ళీ నా జీవితంలో ఉద్యోగం వచ్చినరోజు కూడా కలగలేదు.

తాత చేపను తూచినట్టు చేతిలో ఎత్తి చూసి, "యాడ ఏసినావు?" అన్నాడు.

"పిల్లల నడుమ" అన్నాను.

ఆయన తల ఊపాడు. అక్క వైపు తిరిగాడు. "నువ్వు సూడలేదా ఆ పిల్లల్ని?"

"సూసినా తాతా."

"సూసి?"

అక్క చాలాసేపు కాలి బొటనవేలితో నేల గీకింది. "పిల్లలుండాయి కదా తాతా. యాల సంపేదని ఊరుకున్యా" అంది.

తాత నవ్వాడు. అది మెచ్చుకోలు నవ్వు కాదు. "దీనికి దయ ఎక్కువ. ఇది ఇంట్లోనే ఉండనీ, పిల్లోళ్ళను సాకేదానికి పనికొస్తాది. దానికి దయ లేదు. పరాయి ఊర్లో అది బతుకుతాది" అన్నాడు. పెద్దనాయన తువ్వాలు విదిలించుకుని బయటికి పోయాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గరినుంచి లేవలేదు. అక్క బూడిద తెచ్చుకుని, కోళ్ళగూడు వెనక కూర్చుని ఆ చేపను తోమింది.

అవ్వ చింతపులుసు పెట్టింది. మెంతులు, వెల్లుల్లి, పచ్చి మామిడికాయ ముక్కలు. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కూడా గిన్నెలు పంపారు. తలకాయ నా తట్టలో వేశాడు తాత. అక్క తమ్ముళ్ళకు ముళ్ళు తీసి పెట్టి, చివర పులుసు మాత్రం పోసుకుని సంగటి తినింది. మరునాడు తాత స్వయంగా పోయి, అదే చోట అదే ఎరతో మగచేపను కూడా పట్టాడు. "ఇది మాత్రం ఒంటరిగా యాల ఉండల్ల" అన్నాడు. రెండు రోజుల్లో కొంగలు ఆ జమ్ము చుట్టూ చేరాయి.

అక్క పాత తువ్వాలుతో దొరికినన్ని పిల్లల్ని తోడి, కుండలో పోసి, తవుడు వేసి సాకింది. రోజూ నీళ్ళు మార్చేది. నేను మదనపల్లెకు పోయే ముందురోజు నన్ను పిలిచి కుండలోకి చూడమంది. ఒక్కటే ఉంది. లావుగా, నల్లబడి, అడుగున తిరుగుతోంది.

"మిగిలినవన్నీ ఏమైనాయి?" అన్నాను.

"ఇదే తినేసినాది" అంది అక్క.

నేను హాస్టల్లో చదివాను, టీచరునయ్యాను, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. అక్క తమ్ముళ్ళను సాకింది. కుప్పం పక్క పల్లెలో ఇస్తే అక్కడ మరుదుల పిల్లల్ని సాకింది. నాకు దూరం ఊరికి ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు నా ఇద్దరు బిడ్డల్నీ రెండేళ్ళు దాని దగ్గరే వదిలాను. ఎవరింట్లో పసిబిడ్డకు జ్వరం వచ్చినా, ముసలివాళ్ళు మంచం పట్టినా అక్కకే కబురు పోయేది. అడిగేటప్పుడు మొహమాటం కూడా ఉండేది కాదు. దయగల మనిషి కదా, కాదనదు అనేవాళ్ళం. అందరికంటే ఎక్కువసార్లు ఆ మాట అన్నది నేనే. దాన్ని పొగుడుతున్నానని అనుకునేదాన్ని.

రిటైరైన రోజు స్కూల్లో సభ పెట్టారు. అక్కను ముందు వరసలో కూర్చోబెట్టి, ఈ కుంట కథంతా మైకులో చెప్పాను. ఒక తల్లిచేప మీద జాలితో తన చదువునే వదులుకున్న మనిషి మా అక్క అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇద్దరు టీచర్లు పోయి దాని కాళ్ళకు మొక్కారు.

ఆ మధ్యాహ్నం దాన్ని బస్టాండుకు తీసుకుపోయాను. కుప్పం బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చుని, సభలో కప్పిన శాలువను మడిచి సంచిలో పెట్టుకుంటూ అంది:

"దయ యాడిది మే నాకు? కప్పను ముట్టేదానికి భయం నాకు. ఇప్పటికీ భయమే. ఆ మాట తాతతో అంటే ఊరుకుంటాడా? అందుకని పిల్లలుండాయని సెప్పినా. సెప్పినాక ఇంగ అట్లనే ఉండల్సొచ్చె. ఆ సేపపిల్లల్ని కూడా తాత సూస్తాండాడనే సాకినా."

శాలువ అంచును సంచిలోకి తోసి మళ్ళీ అంది:

"నీకు ఆ పిల్లల గుంపును యాల సూపించినాననుకుంటివి? నువ్వు కప్పను పట్టిస్తావనే కదా. నోరు తెరిసి అడిగినా కూడా. అది మాత్రం మైకులో సెప్పలేదే నువ్వు."

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. అక్క సంచి భుజానికి వేసుకుని లేచింది. "ఇంగ ఎవురి దగ్గరా నన్ను దయగలదని సెప్పొద్దు మే. ఆ మాటతోనే కదా నన్ను కట్టేసిరి" అని, మెట్టెక్కి, లోపల కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు ఎప్పటిలాగే చెయ్యి ఊపింది.

అడిగింది. నాకు బాగా గుర్తుంది. గుర్తు లేనట్టు ఇంతకాలం చెప్పుకున్నాను, ఇందాక ఇక్కడ రాసేటప్పుడు కూడా దాటేశాను. జమ్ములో నా చెయ్యి పట్టుకునే, "ఒక్క కప్పను పట్టియ్యి మే. ఇద్దరమూ కలిసి పట్టినామని తాతకు సెప్దాం" అంది. ఇప్పుడు కప్పలు దొరకవు, సాయంత్రం చూద్దాం అన్నాను. నా కాళ్ళ దగ్గరే గట్టు మీద రెండు కూర్చుని ఉన్నాయి.